పై గదికి తీగ

పరుపు మెట్ల మలుపులో ఇరుక్కుంది. కింద పట్టుకున్న మనిషి తోస్తున్నాడు, పైన పట్టుకున్న మనిషి ఆగమంటున్నాడు. ఓవర్సీరు గోడకు వీపు ఆనించి నిలబడి, ఎటు వంచితే ఎటు తిరుగుతుందో చేతులతో గాలిలో గీసి చూపిస్తున్నాడు. గోడకు గీత పడకూడదన్నదే ఆయన దిగులంతా. ఉద్యోగ విరమణ చేసి ఆరేళ్ళయినా వీధిలో ఆయన్ను ఇంకా ఓవర్సీరు అనే పిలుస్తారు. ఈ మూడంతస్తుల ఇల్లు ఆయన దగ్గరుండి కట్టించుకున్నది.

పరుపు నడిమి అంతస్తులో ఉండే ఆయన అక్క కోసం. ఆవిడ నడుముకు మెత్తటిది పనికిరాదని డాక్టరు చెప్పాడు. మలుపు తిరిగితే ఇంకో ఆరు మెట్లే. కానీ మలుపుకు పైన, తొమ్మిదో మెట్టు మీద, కోడలు కూర్చుని ఉంది. ఒళ్ళో ల్యాప్‌టాప్, చెవుల్లో వైర్లు, మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని.

“లేమ్మా, కాస్త దారివ్వు,” అన్నాడు ఓవర్సీరు. “గదిలో కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా. దారిలో ఏమిటి?”

మాటలో కోపం లేదు. కానీ పరుపు మోసేవాళ్ళిద్దరూ విన్నారు.

కోడలు తలెత్తలేదు. అరచెయ్యి ఎత్తి, ఒక్క నిమిషం అన్నట్టు గాలిలో ఆపింది. ఆమె ఒళ్ళోని తెర మీద తెల్ల యూనిఫాం వేసుకున్న ఒకావిడ ఆయనకు కనిపించింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కళ్ళు మూసుకుని ఉన్నాయి, కదలిక లేదు. బొమ్మే ఆగిపోయాక ఇంక మాట్లాడేదేముంది అనుకున్నాడాయన. పరుపు కింది మనిషి చేతులు పడిపోతున్నాయని గొణిగాడు. అతని తల కూడా ఆ తెర వైపే తిరిగి ఉంది.

కోడలు లేచింది. నిండా నీళ్ళున్న పళ్ళేన్ని మోస్తున్నట్టు ల్యాప్‌టాప్‌ను రెండు చేతుల మీదా పట్టుకుని, అడుగు చూసుకుంటూ పైకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ వినిపిస్తోందా అని అడిగింది. నడిమి అంతస్తు దాటాక మళ్ళీ అడిగింది. పై గది తలుపు మూసుకునేలోగా మూడోసారి.

పరుపు మంచం మీద పడింది. అక్క దాని మీద కూర్చుని, అటూ ఇటూ కదిలి చూసి, “ఇది పరుపేనా, లేక నీ శ్లాబు మిగిలితే కోసి తెచ్చావా?” అంది. మోసుకొచ్చిన వాళ్ళు నవ్వారు. ఓవర్సీరు కూడా నవ్వాడు.

అరగంట తర్వాత ఆయన మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళేసరికి కోడలు కాఫీ కప్పులు కడుగుతోంది. పని అయిపోయిందా అని అడిగాడు. అయిపోయింది మావయ్యా అంది. కడిగిన కప్పునే మళ్ళీ తీసి కడిగింది. దాన్ని బోర్లించి, ఒక్క క్షణం దానికేసే చూసి, మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఓవర్సీరు నీళ్ళు తాగకుండానే బయటికొచ్చాడు.

సంగతేమిటో సాయంత్రం భోజనాల దగ్గర కొడుకు అడిగితే తెలిసింది. మాట తడబడేవాళ్ళకు మాట సరిచేయడం కోడలి వృత్తి. ఎక్కడెక్కడి వాళ్ళకో ఈ ఇంట్లో కూర్చునే పాఠాలు చెబుతుంది. ఇవాళ మాట్లాడుతున్నావిడ ఒక కళ్ళ ఆసుపత్రిలో నర్సు. పదకొండేళ్ళ సర్వీసు. వార్డు ఇన్‌చార్జి పదవికి శుక్రవారం పొద్దున్న ఇంటర్వ్యూ. అందులో ఎవరైనా మొదట అడిగేది పేరు. ఆవిడకు మిగతా మాటలన్నీ ఎలాగో వస్తాయి కానీ, సరిగ్గా సొంత పేరు దగ్గరే గొంతు పట్టేస్తుంది. నాలుగు నెలలుగా ఆ ఒక్క పేరు మీదే పని జరుగుతోంది. ఇవాళ ఆవిడ పేరు మొదలుపెట్టి, మధ్యలో ఆగి, దాంతో పెనుగులాడుతుండగా, లైను తెగిందేమోననుకుని కోడలు వినిపిస్తోందా అని మూడుసార్లు అడిగింది. లైను మొదటి రెండుసార్లూ తెగలేదు. ఆవిడే ఆగి ఉంది. మూడోసారి నిజంగానే తెగింది. తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. చాలు మేడమ్, శుక్రవారం నేను వెళ్ళడం లేదని.

కోడలు బతిమాలి గురువారం సాయంత్రం ఐదు గంటలకు ఒక్క పాఠానికి ఒప్పించింది. మళ్ళీ తెగితే ఇంక పిలవొద్దని జవాబు వచ్చింది. దాని కింద ఇంకో వాక్యం. ఎవరో మగవాళ్ళు చూశారు నన్ను, అని.

ఓవర్సీరు కంచంలోకి చూస్తూ కలిపిన ముద్దనే కలుపుతూ ఉండిపోయాడు.

“ఇన్నాళ్ళూ మెట్ల మీద కాపురం పెట్టిందేమిటా అనుకున్నా,” అంది అక్క. “సినిమా చూసుకుంటోందనుకున్నా.”

“సినిమా అయితే గదిలోనే చూసుకునేదాన్ని అత్తయ్యా,” అంది కోడలు. “మధ్యలో ఆగినా ఎవరికీ నష్టం లేదు.”

కింద తన గది ఇస్తానన్నాడు ఓవర్సీరు. ఇంటర్నెట్ పెట్టె అక్కడే ఉంది కదా. ఆ మాట నోట్లో ఉండగానే పక్కనున్న గ్రిల్ వర్క్‌షాపులో ఇనుము కోసే మిషను కీచుమంది. అందరూ అది ఆగేదాకా ఆగారు. అది ఆగాక ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నడిమి అంతస్తు అక్కది, ఒకటే హాలు, వెనక ఓ సామాన్ల గది. ఆవిడ మోకాళ్ళతో ఎక్కనూ లేదు, దిగనూ లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి మరో మనిషి ముందు పేరు చెప్పుకోవడానికి తంటాలు పడుతుంటే పక్కన ఇంకొకరు కూర్చోవడం కుదిరే పని కాదు. ఇక మిగిలింది పై గది. ఇంట్లో చప్పుడు లేని చోటు అదొక్కటే, సిగ్నల్ లేని చోటూ అదే.

మంగళవారం మధ్యాహ్నం కొడుకు తాను పనిచేసే ల్యాబు నుంచి వస్తూ ఓ చిన్న తెల్ల పెట్టె తెచ్చాడు. సిగ్నల్ అందుకుని ముందుకు పంపుతుందట. నేరుగా పై గదికి తీసుకెళ్ళి ప్లగ్గులో పెట్టాడు. దాని నుదుట ఎర్ర దీపం వెలిగింది. పచ్చగా మారుతుందని ముగ్గురూ నిలబడి చూశారు. మారలేదు. కొడుకు తీసి మళ్ళీ పెట్టాడు. అట్టపెట్టె మీది చిన్న అక్షరాలు చదివాడు. తల గీరుకున్నాడు.

“ఇక్కడికి వస్తేనే కదరా అది అందుకునేది,” అన్నాడు ఓవర్సీరు. “రాని చోట పెట్టి ఏం అందుకోమంటావు దాన్ని?”

దాంతో పెట్టె నడిమి అంతస్తుకు దిగింది. అక్కడ దీపం పచ్చబడింది. పై గదిలో కోడలి ల్యాప్‌టాప్ మీద రెండు గీతలు లేచాయి. కోడలు వర్క్‌షాపు గోల లేని చోటు చూసుకుని మొగుణ్ణి వీధి చివరికి పంపి, ఫోనులో ఏదైనా చెబుతూ ఉండమంది. అతను ఒకటి నుంచి అంకెలు లెక్కపెట్టాడు. పన్నెండు తర్వాత పదిహేను వినిపించింది. ఇరవై రెండు తర్వాత సగం ఇరవై ఆరు. ఆ తర్వాత మొత్తం ఆగిపోయింది. కిందికొచ్చి చూస్తే అక్క ఆ పెట్టె పీకేసి, ఆ ప్లగ్గులో నడుముకు కాపడం పెట్టుకునే సంచి పెట్టుకుంది.

“దీపం కళ్ళల్లో కొడుతోంది,” అంది ఆవిడ. “ఏమన్నా పాడయ్యిందా?”

ఆ సాయంత్రం ఓవర్సీరు బీరువాలోంచి గ్రాఫు కాగితాల కట్ట, నలభై సెంటీమీటర్ల స్కేలు, పెన్సిలు తీశాడు. సిగ్నల్ బలాన్ని అంకెల్లో చూపించే ఏర్పాటు ఫోనులో ఉందని కొడుకు చెప్పాడు. మైనస్ గుర్తుతో ఒక సంఖ్య కనిపిస్తుంది. సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. డెబ్భై దాటితే మాట నిలవదు. ఓవర్సీరుకు ఆ ఏర్పాటు తెగ నచ్చింది. లెక్క తెలిస్తే ఆయనకు సగం దిగులు పోతుంది. ఒక్కో అంతస్తుకూ ఒక్కో కాగితం మీద ఇంటి పటం గీసుకుని, రెండేసి అడుగులకొకచోట నిలబడి, అంకె కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టి, రాసుకుంటూ వెళ్ళాడు. తన గదిలో ముప్పై ఎనిమిది. వంటింట్లో యాభై. తొమ్మిదో మెట్టు మీద అరవై ఒకటి. ఈ అమ్మాయి ఏ పరికరమూ లేకుండా ఈ మెట్టే ఎలా పట్టుకుందని ఆశ్చర్యపోయాడు. ఆ మెట్టు మీద తానూ కూర్చుని చూశాడు. పై మెట్టు అంచు సరిగ్గా వెన్ను మధ్యలో తగిలింది.

పై గదిలో తలుపు దగ్గర ఎనభై మూడు. కిటికీ దగ్గర ఎనభై ఆరు. మూలగా ఉన్న కుర్చీని జరిపితే దాని వెనక నేల మీద, గోడకు ఆనించి, అద్దం కట్టించిన కోడలి డిగ్రీ పట్టా ఉంది. పెళ్ళయి వచ్చినప్పుడు తెచ్చుకుంది. ఈ ఇంట్లో గోడకు మేకు దిగదు. క్యాలెండర్లు కిటికీ ఊచలకు వేలాడతాయి, గడియారం అలమారలో నిలబడి ఉంటుంది. ఆయన భార్య ఉన్నప్పుడూ అంతే. నాలుగేళ్ళుగా ఆ పట్టా నేల మీదే ఉంది. అద్దం మీద దుమ్ము మాత్రం లేదు. ఓవర్సీరు కుర్చీని మళ్ళీ యథాస్థానానికి జరిపి, ఎనభై ఎనిమిది అని రాసుకున్నాడు.

కేబులాయన బుధవారం పదింటికి వచ్చాడు. ఇంట్లోకి ఇంటర్నెట్ తెచ్చింది అతనే. టీవీ కేబుళ్ళ కాలం నుంచీ వస్తున్నాడు కనుక ఆ పేరు నిలిచిపోయింది. యాభై దాటిన మనిషి, భుజాన సంచీ, చెవి మీద టెస్టరు. ఓవర్సీరు మూడు కాగితాలూ బల్ల మీద పరిచాడు. కేబులాయన వాటి మీదికి వంగి, వేలితో ఒక్కో గడినీ తడుముకుంటూ చాలాసేపు చూశాడు.

“నా సర్వీసులో ఇలాంటి కాగితం చేతిలో పెట్టిన ఇల్లు లేదు సార్,” అన్నాడు. “పైన రావట్లేదంటారు, అంతే. ఎంత రావట్లేదంటే మొహం మొహం చూసుకుంటారు.”

ఓవర్సీరు కాగితం అంచు సర్దాడు. కానీ నడిమి అంతస్తుకు వెళ్ళేటప్పుడు మెట్లు కాస్త చురుగ్గా ఎక్కాడు. సామాన్ల గదిలో కేబులాయన స్టూలెక్కి స్క్రూడ్రైవరు పిడితో పైకప్పును తట్టాడు. చెవి పెట్టి ఇంకోచోట తట్టాడు.

“లోపల ఇనుము బాగా దట్టించినట్టున్నారు.”

“ఇంకో వందేళ్ళకైనా వెంట్రుకవాసి కదలదు,” అన్నాడు ఓవర్సీరు.

“కదలదు సార్. సిగ్నల్ని కూడా కదలనివ్వడం లేదు. మొత్తం అదే మింగేస్తోంది.”

ఓవర్సీరు మొహంలోని సంతోషం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కేబులాయన అది చూడకుండానే చెప్పుకుపోయాడు. గాల్లోంచి పంపితే ఇక్కడ ఎన్ని పెట్టెలు పెట్టినా దండగే. పై గదికి తీగ వెళ్ళాలి, ఆ తీగ చివర ఇంకో పెట్టె ఉండాలి. బయటి గోడ వెంట తీసుకెళ్దామంటే కరెంటు తీగలు చేతికందే దూరంలో ఉన్నాయి, అటు అతను నిచ్చెన వేయడు. మెట్ల వెంట తీసుకెళ్తే రెండు తలుపుల కింద నలిగి నెల తిరక్కుండా తెగుతుంది, పైగా గోడ పొడవునా నలభై మేకులు. కింది నుంచి ఈ సామాన్ల గదిదాకా పాత టెలిఫోను తీగ కోసం వదిలిన గొట్టం ఎలాగూ ఉంది. ఇక్కణ్ణుంచి పైకి ఒక్క కన్నం. వేలు పట్టేంత. అరగంట పని.

పై గది తర్వాత కట్టింది. అందుకని అక్కడికి గొట్టం లేదు.

“చూద్దాం,” అన్నాడు ఓవర్సీరు.

ఆయన చూద్దామంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మంచం మీంచి అంతా వింటున్న అక్క కేబులాయనకు జాలిగా వీడ్కోలు చెప్పింది. నాయనా, నువ్వెళ్ళి నీ పనులు చూసుకో, మా తమ్ముడి శ్లాబుకు కన్నం పెట్టాలంటే ముందు మా తమ్ముడికి పెట్టాలి అంది. అతను నవ్వి, రేపు మధ్యాహ్నం ఈ వీధిలోనే ఉంటానని, కావాలంటే ఫోను చేయమని చెప్పి వెళ్ళాడు.

కోడలు ఆ మాటలేవీ విననట్టే ఉంది. ఎండ వాలుతున్న వేళ ఓవర్సీరు పైకి వెళ్ళేసరికి ఆమె ఫోనులో ఎవరో స్నేహితురాల్ని, రేపు ఐదింటికి ఓ గంటపాటు వాళ్ళ ఆఫీసులో తలుపున్న గది దొరుకుతుందా అని అడుగుతోంది. దొరకదన్నట్టుంది. పర్లేదులే అని పెట్టేసింది. బల్ల మీద ఒక నోటుబుక్కు తెరిచి ఉంది. తేదీలు, తేదీల పక్కన అంకెలు. కొలతలంటే ఆగలేని మనిషి కనుక అవేమిటని ఆయన అడిగాడు. ఆమె కుర్చీ ఆయనకిచ్చి మంచం అంచున కూర్చుంది.

ఆవిడ పేరు చెప్పడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటానంది. మొదట్లో నలభై. పోయిన నెల పందొమ్మిది. పోయిన వారం పదకొండు. సోమవారం ఎదురుగా అంకె లేదు, ప్రశ్న గుర్తు ఉంది.

“ఆ ఆగిన కొద్దిసేపూ ఆవిడ ఊరికే ఉండదు మావయ్యా,” అంది కోడలు. “లోపల ఎంతో పని చేస్తూ ఉంటుంది. ఊపిరి వదులుతుంది, నాలుక వదులు చేసుకుంటుంది, భయాన్ని తోసుకుంటూ వస్తుంది. ఇవతల నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని ఉండటం. తన కోసం ఒక మనిషి ఆగి ఉందని ఆవిడకు తెలియాలి, అంతే. చిన్నప్పటి నుంచీ ఎవరూ ఆగలేదట. పేరు సగంలో ఉండగానే మిగతా సగం పక్కవాళ్ళే చెప్పేసేవారట.”

“మరి వినిపిస్తోందా అని నువ్వెందుకు అడిగావు?”

“ఆగింది ఆవిడో లైనో నాకు తెలియక.”

ఓవర్సీరు నోటుబుక్కులోని ప్రశ్న గుర్తును మళ్ళీ చూశాడు. “సోమవారం ఆ పరుపు,” అని మొదలుపెట్టి నీళ్ళు నమిలాడు.

“మీకు తెలియదు కదా,” అంది కోడలు. ఆ మాట ఎంత తేలిగ్గా అందంటే, తప్పంటూ ఏదో జరిగిందని ఆమె కూడా ఒప్పుకున్నట్టే అయింది. ఆయనకు అదే మేలనిపించింది. అదేం లేదు మావయ్యా అని ఉంటే ఆయన ఆ కుర్చీలోంచి లేవలేకపోయేవాడు.

కిందికెళ్ళి, బీరువా అడుగు నుంచి శ్లాబు డ్రాయింగు తీశాడు. మడతల దగ్గర చిరిగి, అంటించిన టేపు పసుపురంగుకు తిరిగింది. ఇనుప కడ్డీలన్నీ అటూ ఇటూ ఆరేసి అంగుళాల దూరంలో గీసి ఉన్నాయి. గోడల నుంచి కొలిచి, రెండు కడ్డీల నడుమ ఒక చుక్క పెట్టాడు. ఆ తర్వాత కేబులాయనకు ఫోను చేశాడు.

గురువారం రెండున్నరకు కోడలు పై గదిలో మంచం మీద, పుస్తకాల మీద పాత దుప్పట్లు కప్పింది. ఓవర్సీరు నేల మీద మోకాళ్ళూని టేపు పట్టి కొలిచాడు. ఇంకోసారి కొలిచి సుద్దతో గుర్తు పెట్టాడు. కింద సామాన్ల గదిలో అక్క ప్లాస్టిక్ స్టూలు మీద, తలకు తుండు చుట్టుకుని, ముందు బక్కెట్టు పెట్టుకుని కూర్చుంది. డ్రిల్లు కొన కనిపించగానే కేక వేయడం ఆవిడ పని. ఆ పనికి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

డ్రిల్లు మొదలైంది. నేలపలక పగలకుండా కేబులాయన మొదట మెల్లగా తిప్పాడు, ఆ తర్వాత ఒంటి బరువంతా మోపాడు. బూడిదరంగు పొడి చిన్న పుట్టలా లేచింది. ఓవర్సీరు దాన్ని అట్టముక్కతో పక్కకు తీస్తున్నాడు. ప్రతి అదురూ ఆయన మోకాళ్ళలోంచి పైకి పాకుతోంది. మూడంగుళాలు దిగాక చప్పుడు మారింది. కీచుమంటూ సన్నటి అరుపు, వెంటనే కాలిన వాసన.

కేబులాయన ఆపి, డ్రిల్లు బయటికి లాగి, కొన చూపించాడు. మొద్దుబారింది.

“కడ్డీ సార్.”

“ఇక్కడ కడ్డీ లేదు,” అన్నాడు ఓవర్సీరు. డ్రాయింగు దగ్గరకు లాక్కున్నాడు. చుక్క సరిగ్గానే ఉంది. టేపు సరిగ్గానే ఉంది. వచ్చిందా అని కింది నుంచి అక్క అరుస్తోంది. ఓవర్సీరు మడమల మీద కూర్చుండిపోయి, కన్నంలోకి టార్చి వేశాడు. అడుగున పైసంత మేర ఇనుము తళతళ మెరుస్తోంది. ఆయన మొహంలో రంగు మారడం కోడలు చూసింది.

“డ్రాయింగులో లేదు,” అన్నాడు చివరికి. “పోత పోసే రోజు పొద్దున్న వేయించాను. అప్పట్లో ఇక్కడ నీళ్ళ ట్యాంకు పెడదామనుకున్నాం. అంత నీళ్ళ బరువు తలుచుకుంటే భయమేసింది. మేస్త్రి అక్కర్లేదన్నాడు. నేనే వినలేదు.”

“ఎంతెంత దూరంలో వేయించారు?” అన్నాడు కేబులాయన.

“ప్రతి రెండింటి మధ్యా ఇంకొకటి.”

కేబులాయన పెదవి విరిచి, దుమ్ము దులుపుకున్నాడు. అయితే మూడంగుళాలకొకటి ఉన్నట్టేనని, గుడ్డిగా పొడిస్తే ఇంకో రెండు కన్నాలు పడినా పడతాయని చెప్పాడు. ఇనుము ఎక్కడుందో చూపించే మిషను ఒకటుంది. రేపు పొద్దున్నే తెస్తాడు. ఒక్క కన్నంతో శుభ్రంగా అయిపోతుంది.

రేపు పొద్దున్న ఆ నర్సు ఇంటర్వ్యూ. కోడలు ఆ మాట అనలేదు. దుప్పటి కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఆమె ఈ ఇంట్లో ఎన్నడూ ఏదీ అడగలేదని ఓవర్సీరుకు ఆ క్షణంలో తోచింది. అడగకపోవడం ఆమె మంచితనమని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

ఆయన సుద్దముక్క తీసుకున్నాడు. మొదటి కన్నం నుంచి గోడవైపు అంగుళమున్నర కొలిచి, ఇంకో గుర్తు పెట్టాడు. ఆ గుర్తు మీద చూపుడువేలు ఉంచాడు.

“ఇక్కడ వెయ్యి,” అన్నాడు. “తగిలితే ఇంకోచోట వేద్దాం.”

కేబులాయన ఆయన వేలికేసీ ఆయనకేసీ చూశాడు. సంచీలోంచి కొత్త కొన తీసి బిగించాడు. ఓవర్సీరు వేలు తీశాడు. ఈసారి ఆయన పొడి తీయలేదు, డ్రాయింగు మడిచి పక్కన పెట్టి, చప్పుడు మారుతుందేమోనని తల వంచి వింటూ కూర్చున్నాడు. మూడంగుళాలు. నాలుగు. ఐదు. మారలేదు. దబ్బుమని ఏదో ఊడిన శబ్దం, డ్రిల్లు మొదలంటా దిగింది.

“వచ్చింది, వచ్చింది, నా నెత్తి మీదికే వచ్చింది,” అంది కింది నుంచి అక్క.

తీగ లాగడం తేలికే అయింది. పాత గొట్టంలోంచి నడిమి గదికి, అక్కణ్ణుంచి కన్నంలోంచి పైకి. కేబులాయన దాని చివర పైతోలు ఒలిచి, లోపలి ఎనిమిది సన్నటి రంగు తీగలనూ వరసలో పేర్చి, గోటితో చదును చేసి, కొసలు సమంగా కత్తిరించి, పెట్టెలో గుచ్చే చిన్న ప్లాస్టిక్ బిరడాలోకి దూర్చి నొక్కాడు. పరీక్ష పెట్టె మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చాయి. ఆరు దాకా వెలిగాయి. ఏడోది వెలగలేదు. ఎనిమిదోది వెలిగింది. నాలుగున్నర అవుతోంది. కోడలు గడియారం చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది. కేబులాయన బిరడా కోసేసి, కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దించుకుని, మళ్ళీ మొదటి నుంచి పేర్చాడు. ఎక్కడా తొందర పడలేదు. ఓవర్సీరు అతని చేతుల మీద టార్చి పట్టుకుని, అది కదలకుండా మోచెయ్యి మోకాలికి ఆనించుకున్నాడు.

ఎనిమిదీ వెలిగాయి.

ఐదుకు పది నిమిషాలుందనగా కొత్త పెట్టె కిటికీ అరుగు మీద కూర్చుంది. ఫోనులో నలభై ఒకటి. కేబులాయన సంచీ సర్దుకుంటూ, తీగ చుట్టూ మిగిలిన సందును కింది నుంచి సిమెంటుతో పూడ్చేయమని, లేకపోతే చీమలు దారి చేసుకుంటాయని చెప్పాడు. కోడలు దుప్పట్లు తీసి, కుర్చీ తుడుచుకుని, వెళ్ళేవాళ్ళకోసం తలుపు పట్టుకుని నిలబడింది. మావయ్యా అని ఏదో అనబోయింది. ఓవర్సీరు టైమవుతోంది వెళ్ళమ్మా అని చెయ్యి ఊపి దిగిపోయాడు.

సామాన్ల గదిలో అక్క ఇంకా స్టూలు మీదే ఉంది, తుండు మీద దుమ్ముతో. ఓవర్సీరు పాత గిన్నెలో తెల్ల సిమెంటు వేసి, నీళ్ళు చిలకరించి, బొటనవేలితో కలిపాడు. చిన్న మడత నిచ్చెన రెండు మెట్లు ఎక్కాడు. తల కప్పుకు దగ్గరగా రాగానే, తీగ పక్కనున్న సందులోంచి పై గది మాట స్పష్టంగా దిగింది. నమస్తే, ఎలా ఉన్నారంటోంది కోడలు. ఇంకో గొంతు, సన్నటిది, కొంచెం బొంగురుది, బాగున్నానంది. ఆసుపత్రి గురించి ఏదో మాట్లాడుకున్నారు. ఆ గొంతు అక్కడక్కడ తట్టుకున్నా ఆగలేదు. ఆ తర్వాత కోడలు, నేను ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో ఒకరిననుకోండి అంది.

“మీ పేరు చెప్పండి.”

ఏమీ వినిపించలేదు.

ఓవర్సీరు ముద్ద పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆపాడు. పైన కుర్చీ కిర్రుమనలేదు. ఏ శబ్దమూ లేదు. తీగ మీద చెయ్యి పడి కదిలిందేమోనని వెనక్కి తీసుకున్నాడు. బిరడా సరిగ్గా బిగిసిందా, కింద తన గదిలో ఎవరైనా స్విచ్చి ఆపారా అని ఆయన ఒళ్ళంతా ఒక్కసారి పరుగెత్తింది, కాళ్ళు మాత్రం నిచ్చెన మీదే ఉన్నాయి.

“పోయిందా?” అంది అక్క.

ఆయన చూపుడువేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. సిమెంటు పెదవికి అంటుకుంది.

పైన కోడలు వినిపిస్తోందా అని అడగలేదు. ఆమె అడగకపోవడం ఆ సందులోంచి అంత స్పష్టంగానూ వినిపిస్తోంది. ఆమె ఆగి ఉంది. అవతల ఎంత దూరానో ఒక మనిషి తన పేరుతో పెనుగులాడుతోంది. నిచ్చెన మీద ఓవర్సీరు, స్టూలు మీద అక్క, ఎందుకో తెలియకుండానే ఆవిడ కూడా నోరు మూసుకుని, ఆగారు. ఈ ఇంట్లో ఇంతమంది ఒకేసారి ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేరు.

పేరులోని మొదటి అక్షరం వచ్చింది. రాపిడితో, ముక్కలుగా, రెండుసార్లు. మళ్ళీ ఏమీ లేదు. కోడలు అప్పటికీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక పొడుగాటి ఊపిరి, దాని వెంటనే పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, మామూలు మనిషి మామూలుగా చెప్పినట్టు.

“ఇంకోసారి,” అంది కోడలు.

ఓవర్సీరు సిమెంటు ముద్దను సందులోకి కూరి, తీగ చుట్టూ బొటనవేలితో అదిమాడు. మాటలు మొదట మందగించాయి, తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. ఆయన ఇంకో రెండుసార్లు తిరిగి అదిమి, చుట్టూ నున్నగా రుద్దాడు.

“ఏం పేరు చెప్పిందిరా?” అంది అక్క.

“నాకు వినపడలేదక్కా,” అని ఆయన నిచ్చెన దిగాడు.